రతన్‌పూర్‌లో మూడు ఓట్లు

2023 నవంబరు 16, గురువారం. బిలాస్‌పూర్ ఊరి చివర కోనీ ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో ఉన్నారు మీరు. కాళ్ళకింద దుమ్ము, నెత్తిమీద షామియానా. మైకులో బూత్ నంబర్లు చదువుతూనే ఉన్నారు. ఎదురుగా బల్లలు వరసగా వేసి, ఒక్కో వరసకీ ఒక్కో నియోజకవర్గం పేరు రాసిపెట్టారు. మీరు నిలబడ్డ వరస మీద ‘కోటా’ అని ఉంది. రతన్‌పూర్ ఈ కోటా నియోజకవర్గంలోదే.

ఆ వరసలో ఒక టీచరమ్మ నేలమీద గోనెపట్టా పరుచుకుని సరంజామా సరిచూసుకుంటోంది. కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్. ఓటర్ల జాబితా ప్రతులు, 17ఏ రిజిస్టరు, ఆకుపచ్చ సీళ్ళు, గులాబీ సీళ్ళు, లక్క, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, దారపుండ. చిన్న సీసాల్లో మైసూర్ పెయింట్స్ కంపెనీ సిరా. చివరికి ఒక నల్ల కవరు. ఒక్కొక్కటీ చేత్తో ముట్టుకుని చూసి, కాగితం మీద టిక్కు పెడుతోంది. పక్కనున్నవాళ్ళతో హిందీ, కూలీతో ఛత్తీస్‌గఢీ. ఫోను మోగితే మాత్రం ‘అమ్మా, తిన్నావా, మాత్ర వేసుకున్నావా’ అని మన భాష.

ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి జనం పట్టాలవెంట ఇక్కడికి వచ్చారు. షెడ్లలో, యార్డుల్లో, ఆఫీసుల్లో కుదురుకున్నారు. తోర్వా, తార్‌బహర్, హేమూనగర్, బుధ్‌వారీ బజార్ చుట్టుపక్కల మూడు నాలుగు తరాల తెలుగు ఇళ్ళున్నాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే మొదలై బిలాస్‌పూర్ దానికి ముఖ్యకేంద్రమయ్యాక ఆ బంధం ఇంకా గట్టిపడింది. ఈ టీచరమ్మ తాత కూడా పలాస నుంచి లోకోషెడ్డు పనికి వచ్చినవాడే. ఆమె మాత్రం రైల్వేలోకి పోలేదు, రాష్ట్ర ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్తోంది. రేపు రతన్‌పూర్‌లో ఒక ‘సంగవారీ’ బూత్‌కి ఆమె ప్రిసైడింగ్ అధికారి. సంగవారీ అంటే ఇక్కడివాళ్ళ మాటలో తోడు. ఆ బూత్‌ని నడిపేది అంతా ఆడవాళ్ళే.

బస్సెక్కండి. కోనీ దాటాక సేంద్రీ. ఇరుపక్కలా వరిచేలు. కొన్ని కోసేశారు, కొన్నింట్లో పనలు ఆరుతున్నాయి. దీపావళి వెళ్ళి నాలుగు రోజులైంది. రతన్‌పూర్ బిలాస్‌పూర్‌కి పాతిక కిలోమీటర్లు. నవరాత్రుల్లో ఇదే దారిన జనం రాత్రంతా నడిచి మహామాయ అమ్మవారి దగ్గరికి పోతారు. పదకొండో శతాబ్దంలో కలచురి రాజు రత్నదేవుడు ఈ ఊరిని రాజధాని చేసుకున్నాడు. ఛత్తీస్‌గఢ్ అంటే ముప్ఫైఆరు కోటలని చెప్పుకుంటారు కదా, శివనాథ్ నదికి ఉత్తరాన ఉన్న పద్దెనిమిదీ రతన్‌పూర్ చేతికింద ఉండేవి. ఆ తరవాత మరాఠాలు వచ్చారు. 1818లో ఇంగ్లీషువాళ్ళు పాలనని రాయ్‌పూర్‌కి మార్చేశారు. రైలు బిలాస్‌పూర్‌కి వచ్చింది. రతన్‌పూర్‌కి చెరువులు, గుళ్ళు, శిథిలమైన గజ్ కిలా మిగిలాయి.

సిబ్బంది బడి గదిలోనే పడుకుంటారు. అక్కడ మీకు చోటుండదు. గుడి దగ్గర ధర్మశాలలో ఒక దుప్పటి కప్పుకుని ఒరగండి. పొద్దున ఆరుకల్లా లేవాలి.

ఆరున్నర. చలికి మాటతోపాటు ఆవిరి వస్తోంది. పోలింగ్ ఎనిమిదికి. దానికి గంటన్నర ముందు మాదిరి పోలింగ్ జరిపి తీరాలని నిబంధన. మీ జేబులో ఎన్నికల సంఘం ఇచ్చిన పాస్ ఉంది కాబట్టి గుమ్మం దగ్గరిదాకా రానిచ్చారు. పార్టీల ఏజెంట్లు మఫ్లర్లు చుట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. కనీసం యాభై ఓట్లు వెయ్యాలి. ఏజెంట్లే వంతులవారీగా బొత్తాలు నొక్కుతున్నారు. బీప్. వీవీప్యాట్ అద్దం వెనక చీటీ వెలిగింది. పేరు, గుర్తు, వరస నంబరు. ఏడు సెకన్లు నిలిచి తెగి పడింది. మళ్ళీ బీప్. యాభై అయ్యాక ఆమె చీటీలన్నీ తీసి బల్లమీద కుప్పలు పెట్టింది. కమలం ఇన్ని, చెయ్యి ఇన్ని, మిగతావాళ్ళకి ఇన్ని, నోటాకి ఇన్ని. యంత్రం చూపిన అంకెలతో కుప్పలు సరిపోయాయి. ఏజెంట్లు సంతకాలు పెట్టారు. ప్రతి చీటీ వెనకా ‘మాక్ పోల్’ ముద్ర కొట్టి, వాటిని ఆ నల్ల కవర్లో పెట్టి సీలు వేశారు. కవరు ఎందుకో ఇప్పుడు తెలిసింది మీకు.

‘ఇలా చూడు బాబూ,’ అని ఆమె మీ వైపు తిరిగింది. ‘క్లోజు, రిజల్టు, క్లియరు. ఈ మూడోది మర్చిపోతే నా ఉద్యోగం సంగతి సరే, ఊరి ఓట్లన్నీ కలగాపులగమైపోతాయి.’ క్లియర్ నొక్కింది. తెరమీద అన్నీ సున్నాలు. ఆ సున్నాని ప్రతి ఏజెంటుకీ చూపించి, చదివించి, అప్పుడు సీలు బిగించింది.

ఈ యంత్రాలు మన దేశంలో తయారయ్యేది రెండు చోట్లే. బెంగళూరు బీఈఎల్, హైదరాబాద్ ఈసీఐఎల్. రెండూ ప్రభుత్వ సంస్థలే. యంత్రాల మీద వాదాలు మీరు చాలా విని ఉంటారు. ఆ వాదాలు చేసేవాళ్ళూ, కొట్టిపారేసేవాళ్ళూ ఒక్కసారి తెల్లారుజామున ఇలాంటి గదిలో నిలబడి చూడాలని నా కోరిక. ఈ వ్యవస్థ మీద నమ్మకం ఎక్కడ పుడుతుందో ఇక్కడ తెలుస్తుంది. చలిలో చేతులు రుద్దుకుంటూ చీటీలు లెక్కపెడుతున్న ఒక బడిపంతులమ్మ దగ్గర, ఆమె లెక్కని పట్టిపట్టి చూస్తున్న ప్రత్యర్థి పార్టీల కుర్రాళ్ళ దగ్గర.

ఎనిమిదయింది. ఆడవాళ్ళ వరుస అప్పుడే బడి గేటు దాటిపోయింది.

రెండో పోలింగ్ అధికారి బల్ల దగ్గర నిలబడి చేతులు చూడండి. ఆ అమ్మాయి ప్రతి ఎడమ చూపుడువేలినీ ముందు గుడ్డతో తుడుస్తోంది. నూనె గానీ మైనం గానీ ఉంటే సిరా పట్టదు, అందుకని తుడిచి తీరాలి. పైపెచ్చు ఇది కోతల కాలం. వేళ్ళు పగిలి ఉన్నాయి. కొడవలి తగిలిన గీతల్లో వరి దుమ్ము. గోరు మొదట్లో చర్మం మీద పడేలా పుల్లతో ఒక గీత గీస్తే సిరా పగుళ్ళలోకి పాకి కొమ్మలు వేస్తోంది. వెంటనే తుడుచుకోకుండా వేలు పైకెత్తి పట్టుకోమంటోంది అమ్మాయి. ముసలావిడ ఒకామె వేలు అలాగే గాల్లో పట్టుకుని అట్టపెట్టె మరుగు దగ్గరికి నడిచింది. లోపల్నుంచి గొంతు వినపడింది. ‘ఏ బొత్తం నొక్కాలి తల్లీ?’

గది అంతా గప్‌చుప్. ప్రిసైడింగ్ అధికారి లేచింది గానీ మరుగు దగ్గరికి పోలేదు. పోకూడదు. దూరం నుంచే ఛత్తీస్‌గఢీలో చెప్పింది. ‘దాయీ, నీకు ఎవరు కావాలో వాళ్ళ బొమ్మ చూడు. దాని పక్కన నీలం బొత్తం. అది నీ ఇష్టం, నాకు చెప్పొద్దు.’ కొంతసేపటికి బీప్. ముసలావిడ బయటికొచ్చి, ఎవరినీ చూడకుండా గుమ్మం దిగి వెళ్ళిపోయింది.

ఆమె నొక్కిన బొత్తం ఎవరి కోసం? కొంచెం ఆగి దీన్ని ఆలోచించాలి. అమెరికాలో టెక్సస్‌లో ఉన్న మన బంధువులని అడగండి. వాళ్ళ బ్యాలెట్‌లో గవర్నర్ పేరు వేరు, అటార్నీ జనరల్ పేరు వేరు, వ్యవసాయ కమిషనర్ పేరు కూడా వేరు. కాంగ్రెస్ సభ్యుడికి ఇంకో గడి. ఒక్కొక్క కుర్చీకి ఒక్కొక్క ఓటు. రతన్‌పూర్ ముసలావిడ ముందున్న యంత్రం మీద ముఖ్యమంత్రి పేరు లేదు. వ్యవసాయ మంత్రి పేరూ లేదు. ఉన్నది కోటా ఎమ్మెల్యే అభ్యర్థులు మాత్రమే. ఆమె వేసే ఓటు ఎమ్మెల్యేకి. ఆమె తలలో ఉన్న లెక్క ముఖ్యమంత్రిది.

ఆ లెక్కేమిటో వినాలంటే బూత్ హద్దు దాటి బయటికి రావాలి. రోడ్డు మీద చాయ్ దుకాణం. అక్కడ ఒక రైతు వేళ్ళు మడిచి చెప్తున్నాడు. బీజేపీవాళ్ళు క్వింటాలుకి 3,100 ఇచ్చి ఎకరానికి 21 క్వింటాళ్ళు కొంటామన్నారు, అంటే 65,100. కాంగ్రెస్‌వాళ్ళు 3,200 ఇచ్చి 20 క్వింటాళ్ళు కొంటామన్నారు, అంటే 64,000. తేడా 1,100. కానీ కాంగ్రెస్‌వాళ్ళు అప్పు మాఫీ అంటున్నారు. అప్పున్నవాడికి ఒక లెక్క, లేనివాడికి ఒక లెక్క. ధాన్యం కొనుగోలు నవంబరు 1నే మొదలైంది. అయినా ఎవరు గెలుస్తారో చూసి అమ్ముదామని కొట్టంలోనే ఉంచుకున్నవాళ్ళున్నారు. ఆడవాళ్ళ మాట వేరు. పెళ్ళయిన ప్రతి ఆడమనిషికీ నెలకి వెయ్యి ఇచ్చే ‘మహతారీ వందన్’ అంటూ కమలం పార్టీ కార్యకర్తలు ఇళ్ళకొచ్చి ఫారాలు నింపించుకుని పోయారు. దీపావళి రోజున కాంగ్రెస్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఏడాదికి 15 వేలు ఇస్తానని ప్రకటించాడు. ఫారం ముందు వచ్చింది, ప్రకటన తరవాత వచ్చింది. ఆ ముందు వెనకలే ఈ ఎన్నికని తేల్చాయని నేననుకుంటాను.

బెంచీ చివర కూర్చున్న పెద్దాయన ఈ లెక్కల్లోకి రావడం లేదు. ఆయనకి కోటా చరిత్ర ముఖ్యం. 1952 నుంచి కోటాలో బీజేపీ గానీ, దానికి ముందున్న జనసంఘ్ గానీ ఒక్కసారీ గెలవలేదు. రాజేంద్ర ప్రసాద్ శుక్లా ఇక్కడి ఎమ్మెల్యేగానే ఛత్తీస్‌గఢ్ తొలి స్పీకర్ అయ్యారు. 2006లో ఆయన పోయాక జరిగిన ఉపఎన్నికలో తొలి ముఖ్యమంత్రి అజిత్ జోగీ భార్య రేణు జోగీ గెలిచారు. ఆమె కంటి డాక్టరు. 2008లో, 2013లో మళ్ళీ కాంగ్రెస్ టికెట్ మీద గెలిచారు. 2018లో భర్త పెట్టిన సొంత పార్టీ నుంచి పోటీచేసినా కోటా ఆమెని వదల్లేదు. ఈసారి ఆమెతోపాటు కాంగ్రెస్ నుంచి అటల్ శ్రీవాస్తవ, బీజేపీ నుంచి ప్రబల్ ప్రతాప్ సింగ్ జుదేవ్.

ఈ ముగ్గురినీ కలిపి చూస్తే రతన్‌పూర్ ఓటరు తత్వం అర్థమవుతుంది. అటల్ శ్రీవాస్తవ 2019లో బిలాస్‌పూర్ లోక్‌సభకి పోటీచేసి బీజేపీ అభ్యర్థి అరుణ్ సావ్ చేతిలో లక్షా 40 వేలకి పైగా ఓట్ల తేడాతో ఓడిపోయినవాడు. ప్రబల్ ప్రతాప్ తండ్రి దిలీప్ సింగ్ జుదేవ్ 2009లో ఇదే లోక్‌సభ స్థానంలో గెలిచాడు. ఆ ఎన్నికలో ఆయన ఓడించింది, అప్పటికి కోటా ఎమ్మెల్యేగా ఉన్న రేణు జోగీనే. కోటా బిలాస్‌పూర్ లోక్‌సభలోని ఎనిమిది సెగ్మెంట్లలో ఒకటి. ఆ లోక్‌సభ స్థానం 1996 నుంచీ బీజేపీ చెయ్యి దాటలేదు. ఎమ్మెల్యే కుర్చీ ఎన్నడూ దక్కనివ్వని పార్టీకే ఎంపీ కుర్చీ ఎప్పుడూ దక్కుతోంది. చాయ్ గ్లాసు పక్కన పెట్టి పెద్దాయన అన్నమాట ఇది: ‘అక్కడ పని వేరు, ఇక్కడ పని వేరు.’

సాయంత్రం ఐదు. గేటు మూస్తారు. అప్పటికి లోపల నిలబడ్డవాళ్ళకి చీటీలు పంచారు, వరుస చివరి మనిషి నుంచి ముందుకి. మధ్యలో ఇంకెవరూ దూరకుండా అదొక పద్ధతి. చీటీలన్నీ చెల్లాక ప్రిసైడింగ్ అధికారి ‘క్లోజ్’ నొక్కింది. ఎన్ని ఓట్లు పడ్డాయో 17సీ ఫారంలో రాసి, ప్రతి ఏజెంటుకీ ఒక నకలు ఇచ్చింది. ఆ నకలుని ఏజెంటు కుర్రాడు నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు. లెక్కింపు రోజున అదే వాడి ఆయుధం. లక్క కరిగించి సీళ్ళు వేస్తుంటే ఆమె వేళ్ళమీద రెండు చుక్కలు పడ్డాయి. ఊదుకుని పని కానిచ్చింది. బస్సు మళ్ళీ కోనీ దారి పట్టింది. ఆ ఎన్నికలో రాష్ట్రం మొత్తం మీద 76 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి.

డిసెంబరు 3, ఆదివారం. మీరిప్పుడు తోర్వాలో టీచరమ్మగారి ఇంట్లో ఉన్నారు. పొద్దున్నే ఉప్మా. ముందు గదిలో టీవీ. అదే రోజు తెలంగాణ లెక్కింపు కూడా. అందుకని రిమోట్ ఆమె తల్లి చేతిలో ఉంది. ఒక ఐదు నిమిషాలు రాయ్‌పూర్ ఛానల్, ఒక ఐదు నిమిషాలు హైదరాబాద్ ఛానల్. ‘మనోళ్ళ దగ్గర ఏటయిందో చూడనీయరే,’ అంటుంది ఆవిడ. మనోళ్ళ దగ్గర అంటే ఆవిడకి గోదావరికి ఇటూ అటూ ఒకటే. ఆవిడ పుట్టింది బిలాస్‌పూర్ రైల్వే ఆసుపత్రిలోనే, ఓటూ ఇక్కడే.

కోనీ కాలేజీలో లెక్కింపు జరుగుతోంది. ముందు పోస్టల్ బ్యాలెట్లు, తరవాత రౌండ్లు. జాలీకి ఇవతల ఏజెంట్లు మడతపెట్టిన 17సీ నకళ్ళు విప్పి, యంత్రం చూపే మొత్తంతో సరిచూసుకుంటారు. ఆఖర్న నియోజకవర్గానికి ఐదు వీవీప్యాట్లు లాటరీ తీసి చీటీలు చేత్తో లెక్కపెడతారు. మధ్యాహ్నానికి గాలి తెలిసిపోయింది. ఛత్తీస్‌గఢ్‌లో 90కి బీజేపీ 54, కాంగ్రెస్ 35, గోండ్వానా గణతంత్ర పార్టీ 1. తెలంగాణలో కాంగ్రెస్ 64. ఒక రాష్ట్రంలో చెయ్యి వచ్చింది, ఒక రాష్ట్రంలో చెయ్యి పోయింది. బిలాస్‌పూర్ పట్నం స్థానాన్ని 2018లో పోగొట్టుకున్న బీజేపీ నాయకుడు అమర్ అగ్రవాల్ మళ్ళీ గెలుచుకున్నాడు. అంత గాలిలోనూ కోటా కదల్లేదు. అటల్ శ్రీవాస్తవ దాదాపు 8 వేల తేడాతో గెలిచాడు. జుదేవ్ రెండో స్థానం. రేణు జోగీ మూడో స్థానం.

ముఖ్యమంత్రి ఎవరో ఆ రాత్రికి ఎవరికీ తెలియదు. తెలంగాణలో రేవంత్ రెడ్డి పేరు డిసెంబరు 5న తేలింది, 7న ప్రమాణం. ఛత్తీస్‌గఢ్ ఇంకా ఆగాల్సి వచ్చింది. బీజేపీ ముఖ్యమంత్రి అభ్యర్థిని ముందుగా చెప్పకుండానే ఎన్నికలకి వెళ్ళింది. డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో శాసనసభాపక్షం కూర్చుని విష్ణుదేవ్ సాయ్ పేరు ప్రకటించింది. 13న ప్రమాణం చేయించిన గవర్నర్ విశ్వభూషణ్ హరిచందన్. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఉన్నాయనే. ఉపముఖ్యమంత్రులు ఇద్దరు, అందులో ఒకరు అరుణ్ సావ్. బిలాస్‌పూర్ ఎంపీగా ఉంటూ లోర్మీ నుంచి ఎమ్మెల్యేగా గెలిచి, ఎంపీ పదవి వదిలి వచ్చాడు. రతన్‌పూర్ ఓటర్లు నవంబరు 17న బొత్తం నొక్కారు, రాష్ట్రాన్ని ఏలేది ఎవరో డిసెంబరు 10న విన్నారు. రాజ్యాంగం ప్రకారం ఇది సక్రమమే. అయినా గెలిచే పార్టీ తన ముఖ్యమంత్రి ఎవరో ముందే చెప్పి ఓటడగడం మర్యాద అని నా అభిప్రాయం. ఏ పార్టీకైనా ఇదే మాట.

2024 మార్చి 10న మహతారీ వందన్ తొలి వాయిదా ఆడవాళ్ళ ఖాతాల్లో పడింది.

మే 7. రెండో ఓటు, లోక్‌సభది. మళ్ళీ రతన్‌పూర్. ఈసారి చలి లేదు, నిప్పులు చెరిగే ఎండ. బడి అరుగు మీద మట్టికుండల్లో నీళ్ళు. మరుగు అట్ట వెనకకి తొంగిచూడలేరు గానీ యంత్రాలు అమర్చేటప్పుడు చూశారు కదా, బ్యాలెట్ యూనిట్లు మూడు, పక్కపక్కనే. బిలాస్‌పూర్ లోక్‌సభకి 37 మంది పోటీ. ఒక్కో యూనిట్‌లో పట్టేది పదహారు పేర్లే. మూడో దానిలో ఆఖరున నోటా. ఎండలో నిలబడి వచ్చిన ముసలివాళ్ళు మూడు యంత్రాల మీద ఒకే గుర్తు వెతుక్కోవాలి. ప్రతి ఓటుకీ సమయం ఎక్కువ పడుతోంది. గేటు బయట చాయ్ దుకాణంలో నవంబరు లెక్కలేవీ వినపడవు. క్వింటాలు మాటే లేదు. మోదీ, దేశం, రాముడి గుడి, రాజ్యాంగం. మనుషులు వాళ్ళే, మాట మారింది.

జూన్ 4న బీజేపీ అభ్యర్థి తోఖన్ సాహూ కాంగ్రెస్ అభ్యర్థి దేవేంద్ర యాదవ్ మీద లక్షా 64 వేలకి పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. అదే నెల 9న కేంద్రంలో సహాయమంత్రి అయ్యాడు. రాష్ట్రంలో 11 లోక్‌సభ స్థానాలకి పది బీజేపీకి, కోర్బా ఒక్కటీ కాంగ్రెస్‌కి. ఐదేళ్ళ ముందు ఈ రెండు ఓట్ల మధ్య తేడా ఇంకా పెద్దది. 2018 చివర్లో 90లో 68 సీట్లు కాంగ్రెస్‌కి ఇచ్చిన రాష్ట్రం, 2019 మేలో 11లో 9 లోక్‌సభ సీట్లు బీజేపీకి ఇచ్చింది.

మూడో ఓటు 2025 ఫిబ్రవరి 11న. ఊరి ఓటు. ఈ రోజున రతన్‌పూర్ మనిషి ఒకసారి వార్డు సభ్యుడికి, ఒకసారి నగరపాలిక అధ్యక్షుడికి, రెండు ఓట్లు వేస్తాడు. అధ్యక్షుడి పేరూ బొమ్మా యంత్రం మీదే ఉంటాయి. కాంగ్రెస్ ప్రభుత్వం 2019లో ఈ నేరుగా ఎన్నుకునే పద్ధతిని తీసేసి సభ్యుల చేత ఎన్నిక పెట్టింది. తరవాతి బీజేపీ ప్రభుత్వం తిరిగి తెచ్చింది. పాలించే మనిషిని పేరు పెట్టి ఎన్నుకునే అవకాశం ఈ ఊరివాళ్ళకి ఉన్నది ఈ ఒక్క ఎన్నికలోనే. పంచాయతీలో సర్పంచ్‌ని నేరుగా ఎన్నుకునే మనకి, పట్టణంలో మాత్రం మేయరునో చైర్మన్‌నో కార్పొరేటర్లూ కౌన్సిలర్లూ ఎన్నుకుంటారు. ఆ తరవాత క్యాంపులు, బస్సులు, రిసార్టులు మనం చూసిన సంగతే.

ఈసారి చాయ్ దుకాణం మాటలు ఇంకో రకం. కాలవ పూడిక, చెరువుగట్టు, వీధి దీపం, గుడి దారిలో చెత్త. అభ్యర్థి ఎవరి అల్లుడో, ఎవరి దగ్గర అప్పు తీర్చలేదో కూడా తెలిసిన ఓటు ఇది. అదే రోజు బిలాస్‌పూర్ కార్పొరేషన్‌లో మేయరు ఎన్నిక. గెలిచినామె ఊళ్ళో అందరికీ పూజా విధానీగా తెలుసు, అభ్యర్థుల జాబితాలో పేరు ఎల్. పద్మజ. తోర్వా ఇంట్లో పెద్దావిడ ఆ పేరుని పద్మజ అనే పిలుస్తుంది, నోరారా.

ఇప్పుడు ఈ మూడు ఓట్లలో మొదటి రెండింటినీ దగ్గరికి లాగాలన్న ప్రయత్నం ఢిల్లీలో నడుస్తోంది. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు ఒకేసారి జరపాలంటూ 2024 డిసెంబరు 17న రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభ ముందుకి వచ్చింది. అది సంయుక్త కమిటీకి వెళ్ళింది. ఖర్చు తగ్గుతుందంటారు, నిజమే కావచ్చు. బళ్ళు మూతపడవంటారు, అదీ నిజమే. నవంబరులో, మేలో, ఫిబ్రవరిలో సరంజామా భుజాన వేసుకున్న టీచరమ్మలాంటివాళ్ళకి ఎంత భారమో నాకు తెలుసు. కానీ మన రెండు రాష్ట్రాల అంకెలు ఎదురుగా పెట్టుకోండి. తెలంగాణలో 2023 నవంబరులో శాసనసభ, 2024 మేలో లోక్‌సభ. మొదటిదాంట్లో కాంగ్రెస్ 64, బీజేపీ 8. రెండోదాంట్లో కాంగ్రెస్ 8, బీజేపీ 8. ఆరు నెలల్లోనే ఓటరు వేరే ప్రశ్నకి వేరే జవాబు చెప్పాడు. ఆంధ్రప్రదేశ్‌లో రెండూ ఒకే రోజు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి 175లో 151, 25లో 22. 2024లో కూటమికి 164, 21. రెండు యంత్రాల మీదా ఒకే గాలి వీచింది. ఒకే రోజు పెట్టినా ఓటరు విడదీయగలడనేవాళ్ళు ఒడిశా చూపిస్తారు. 2019లో అక్కడ బీజేడీకి 147లో 112 ఇచ్చినవాళ్ళే 21 లోక్‌సభ సీట్లలో 8 బీజేపీకి ఇచ్చారు. ఆ మాట ఒప్పుకుంటాను. అయినా రతన్‌పూర్ బడి గేటు ముందు రెండు కాలాల్లో రెండు రకాల మాటలు విన్నాక, ఎమ్మెల్యేని అడగాల్సిన క్వింటాలు లెక్క ఢిల్లీ లెక్కలో కొట్టుకుపోకుండా ఉండాలంటే ఈ ఎన్నికలు విడివిడిగా ఉండడమే మంచిదని నా నమ్మకం.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న మీకు ఒక విన్నపం. వచ్చే ఎన్నికలో కూడా మీ చేతికి రెండు ఓట్లు ఒకేసారి రావచ్చు. పార్లమెంటు బ్యాలెట్ తెల్లగా ఉంటుంది, శాసనసభది గులాబీ రంగు. మొదటి యంత్రం బీప్ మనగానే రెండోదాని మీద కూడా అదే గుర్తు వెతక్కండి. ఎంపీగా నిలబడ్డ మనిషి పేరు చదవండి, ఆ మనిషి పార్లమెంటులో మీ జిల్లా గురించి ఏమడిగాడో గుర్తుతెచ్చుకోండి, అప్పుడు నొక్కండి.